ఎండల మల్లన్న కాడ తడిసీర

“అమ్మమ్మా, నయమవదని డాక్టరే చెప్పేశాక కూడా నువ్వు అన్నేళ్లు వైజాగ్ ఎందుకు తిరిగావు?”

ఓలమ్మో, ఇదా నువ్వు అడగాలని పలాస నుంచి వచ్చినది! ఆ సెల్లు అలగ నా మూతి మీద పెట్టకే, కొంచిం దూరం పెట్టు. ఆఁ, అలగ. పంకా ఇటు తిప్పు. నాకు గాలి తగలకపోతే కాలే కాదు, మాట కూడా మొరాయిత్తాది. నీకూ అదే జబ్బన్నారంట కదా, మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. మా సెల్లి మనవరాలికి అన్నీ నా పోలికలే అని మురిసిపోయేదాన్ని, ఇందులో కూడా పోలికేనా అన్నాను. నవ్వవేటే? నవ్వొచ్చు, తప్పునేదు. మన జబ్బు మీద మనం కాకపోతే ఇంకెవులు నవ్వుతారు.

అప్పుడు నాకు ముప్పై ఎనిమిదో తొమ్మిదో. మా పెద్దోడు టెన్తు తప్పిన యేడు... కాదు కాదు, తప్పినోడు రెండోడు, పెద్దోడు అత్తెసరు మార్కుల్తో గట్టెక్కినాడు. ఆ యేడే. జీడిపిక్కలు కొడతన్నాను. పిక్కలోని జీడి సేతికంటితే ఎలగ కాలుతాదో నీకు తెలుసు కదా. ఏల్లు బొబ్బలెక్కిపోనాయి, నాకు తెలియనేదు. మా అత్త సూసి, “ఏటే, అది సెయ్యా, సెక్కా?” అన్నాది. నాను ఊరుకుంటానా, “నీ కొడుకు పట్టుకున్న సెయ్యే, నువ్వే అడుగు” అన్నాను. మా ఇద్దరికీ అలగే ఉండేది. పొద్దున్న లేత్తే ఒకలినొకలు అనుకోకపోతే టీ దిగేది కాదు.

సెయ్యి తరవాత కాలు. ఇదిగో ఈ ఎడంకాలు, ఈ మారాణి. నాను వంటింట్లోకి ఎల్దామంటే అది వీదిలోకి పోదామంటాది. మరి మా ఉద్దానంలో ఒంట్లో నలతంటే సాలు, కిడ్నీయే అనుకుంటారు. అనుకోరేటి మరి, ఎంతమందిని మింగీసినాది అది. టెక్కలి తీసుకుపోయి రగతం తీయించినారు. కిడ్నీలు సుబ్బరంగా ఉన్నాయన్నారు. అంతే! మా అత్త వీదంతా బెల్లంముక్కలు పంచీసినాది, “మా కోడలికి ఏటీ నేదు” అని. నానేమో కాలు లేవక అరుగు మీద కూకునున్నాను. వచ్చినోల్లు వచ్చినట్టే నా నోట్లో బెల్లం పెట్టి, “అదురుట్టవంతురాలివే” అనీసి పోతన్నారు. అదురుట్టం ఎక్కువైపోయి లేవనేకపోతన్నానని ఎవులికి సెప్పుకోను?

ఆకరికి మీ తాత ఇసాపట్నం తీసుకెల్లినాడు. మీ తాత సంగతి నీకు తెలుసు, బళ్లో పిల్లల మీద అరిసీసి అరిసీసి, ఇంటికొచ్చీసరికి గొంతు మిగిలేది కాదు పాపం. ఆల్లమ్మ ఏటంటే అదే. అక్కడ సొరంగంలాంటి మిసన్లో పడుకోబెట్టి తలంతా ఫొటో తీసినారు. నరాల డాట్రు మంచోడు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని పేరు సెప్పి, అర్దమయినట్టు సెప్పినాడు. కరెంటు వైరు మీద రబ్బరుంటాది కదా, నీ నరాల మీద ఆ తొడుగు అక్కడక్కడ పోయిందమ్మా అన్నాడు. మా అత్త ఎంటనే, “రబ్బరు పోతే టేపు సుట్టీ బాబూ, దానికింత ఆలోసనేటి” అన్నాది. ఆయన నవ్వీసి, “ఆ టేపే ఇంకా దొరకలేదమ్మా, వెతుకుతున్నారు. కొత్త ఇంజెక్షన్లు వస్తున్నాయి, ఇంకా మంచివి వస్తాయి. ఆర్నెల్లకోసారి వచ్చి కనపడండి” అన్నాడు. ఇంకా ఏటేటో జాగర్తలు కూడా సెప్పినాడు గానీ, మాకు రైలు టైమైపోతన్నాదని తత్తరపాటు, సగం బుర్రకెక్కనేదు.

సెలైనులో మందెక్కించినారు, లేసి నడిసినాను. సంబరం. వచ్చే ఎండాకాలానికి కాలు మల్లీ మొదటికొచ్చీసినాది. అప్పుడు మా అత్త సీర కుచ్చిల్లు ఎగదోపి మరీ వచ్చినాది. “నయం సేత్తాననోడి కాడికి పోతారు గానీ, నయం కాదన్నోడి కాడికి రైలెక్కి పోడమేటే? మల్లన్నకి మొక్కీసినాను. రావివలసలో ఆయన గుడికెల్లి, తడిసీరతోటి పదకొండు సుట్లు తిరుగు. తిరిగితే కాల్లు ఆయనిచ్చినట్టు. తిరగనేదో, అదే నీ రాత, ఇంక ఇసాపట్నం ఊసెత్తకు” అన్నాది. మీ తాత పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

నాకు ఏడుపు, కోపం రెండూనూ. మల్లన్న మీద కాదు, ఆయనేం సేసినాడు. నా గోల ఏటంటే, మందు వత్తాదని నాతో అన్న మనిషి లోకం మొత్తానికి ఆ డాట్రొక్కడే. ఆయన కాడికి పోడం మానీత్తే, ఇంక నా కాలు నాకు రాదని నా నోటితో నానే ఒప్పీసుకున్నట్టు కదే? ఆ తోవొక్కటీ మూసుకుపోకూడదు, అదే నా పంతం. అందుకని సరే అన్నాను. పాక్కుంటూనైనా పదకొండూ తిరిగీసి ఈవిడ నోరు మూయించాలనుకున్నాను.

వయిశాకమాసం, మిట్టమజ్జానం. మల్లన్నకి నెత్తి మీద గుడికప్పు గిట్టదు, నాను ఎండలోనే ఉంటానన్నాడంట, ఆయనిట్టం. నాకు మాత్రం ఆటో దిగీసరికే కాల్లు పీచైపోనాయి. మీ తాత ఒకపక్క, మా అత్త ఒకపక్క పట్టుకుని కుళాయి కాడికి తీసుకుపోయి, నెత్తి మీంచి నీల్లు పోసినారు. సీరంతా తడిసిపోయి కారతన్నాది. మొదలెట్టినాను. ఓలమ్మ, ఏటి సెప్పమంటావు! ఒక సుట్టు, రెండు సుట్లు, పెళ్లికూతురులాగ నడిసీత్తన్నాను. మా అత్త, “సూసినావేటే మా మల్లన్న తడాకా!” అని దారిని పోయేవోల్లక్కూడా సెప్తన్నాది. అయిదో సుట్టుకి ఎండకి సీర ఆరిపోడం మొదలెట్టినాది. సీర ఆరతన్న కొద్దీ కాలు బరువెక్కిపోతన్నాది. ఆరో సుట్టులో దభీమని కూలబడిపోనాను.

అయిపోనాదనుకున్నాను. మా అత్త మొకం సూసినాను, ఆవిడ మొకంలో నెత్తురుసుక్క నేదు. గెలిసినానన్న గీర నేదే ఆ మొకంలో, నిజంగా నేదు. నాను సొమ్మసిల్లిపోనాననుకుని, అభిసేకానికి తెచ్చిన బిందె ఎత్తి నా నెత్తి మీద కుమ్మరించీసినాది. పంతులుగారు “అమ్మా అమ్మా, అది స్వామికి!” అంటన్నారు. “సామికి మల్లీ తెత్తాను బాబూ, ఆయనెక్కడికీ పోడు, ఇది పోయేలాగున్నాది” అన్నాది. కాసేపటికి, నాను అబద్దం ఆడితే ఒట్టు, కాలు కదిలినాది. లేసి నిలబడ్డాను. ఏడో సుట్టు తిరిగినాను. మల్లీ సీర ఆరీలోగా మా అత్త ఇంకో బిందె. అలగ నాను ముందు, బిందెతోటి ఆవిడ ఎనక, కుళాయికీ నాకూ మజ్జిన మీ తాత పరుగులు. జనం మల్లన్నని ఒదిలీసి మమ్మల్నే సూత్తన్నారు. పదకొండూ అయిపోనాయి.

మరి మొక్కు తీరినాది కదా, కాల్లు మల్లన్నే ఇచ్చినాడు, ఇంక ఇసాపట్నం ఎందుకంటాదనుకున్నాను. నీడలో కూకోబెట్టి నా కాలు ఒల్లో ఎట్టుకుని పిసికినాది. అప్పుడన్నాది, “ఒలే, సచ్చిపోయిన కాలైతే మల్లన్నే పోసినా, నానే పోసినా నీల్లకి లేవదే. లేసినాదంటే నీ నరం సావనేదు. సావని నరానికి మందు ఎందుకు రాదు? ఇసాపట్నం బండి ఎప్పుడుందో కనుక్కోరా” అని మీ తాతని కేకేసినాది. నాకు ఏడుపొచ్చీసినాది. పెళ్లైన కాడ్నుంచీ ఆవిడ మీద పెట్టుకున్న కచ్చంతా ఆ ఏడుపులో కొట్టుకుపోనాది. అంతా కాదులే. సగం.

డాట్రుకి సంగతంతా సెప్తే తల పట్టుకున్నాడు. “వేడి తగిలితే ఈ జబ్బు ఎక్కువైనట్టుంటుంది, చల్లబడితే సర్దుకుంటుంది, ఎండలోకి పంపకండని చెప్పానా? మీరు తీసుకెళ్లింది ఎక్కడికి? ఎండల మల్లన్న దగ్గరికా!” అని నవ్వలేక సచ్చినాడు. మా అత్త, “మల్లన్న కాడికి ఎల్లబట్టే కదయ్యా మీ మాట మాకు అర్దమయినాది” అన్నాది. ఇంక అప్పట్నుంచి నా కన్నా ఆవిడికే తొందర. ప్రతిసారీ గదిలో అడుగెట్టడం, “మందు ఎందాకా వచ్చినాది బాబూ?” అనడం. ఇంకా రానేదమ్మా అంటే, “సుమ్మాదేవి టేసన్లో సిగ్నలు నేక ఆగిపోనట్టున్నాదిలే” అని నాకు సెప్పేది. మన పేసింజరు అక్కడ ఎంతసేపు పడుకుంటాదో నీకు తెలుసు కదా, అలగ.

కొన్నేల్లకి నాకు సూదిమందు మొదలెట్టినారు. డబ్బులు ఎలగో సర్దినాములే, ఆ లెక్కలిప్పుడొద్దు. దాన్ని ఫ్రిజ్జులో పెట్టాల. కరెంటు పోతే సాలు, మా అత్త ఫ్రిజ్జుకి ఈపు ఆనించి కూకునేది, “తలుపు తీత్తే సెయ్యి ఇరగ్గొడతాను” అని. సల్లనీల్లకి మొకం వాచిపోనాది ఇంటిల్లిపాదికీ. ఆ మందు పోయిన నడకని తెచ్చియ్యనేదు, ఉన్నమాట సెప్తాను. కానీ మాటిమాటికీ పడిపోడం తగ్గినాది. ఉన్న కాడ నన్ను నిలబెట్టినాది. మా అత్తకి అది సాలనేదు, “ఇది తమ్ముడు, అన్న ఎనకాల వత్తన్నాడు” అనేది. పోయే ముందు కూడా నన్ను దగ్గిరికి పిలిసి, ఏదో నగల ఊసు సెప్తాదేమో అనుకున్నాను, మందు సంగతే అడిగినాది. వచ్చీత్తన్నాది అత్తా అన్నాను. నీ ఒట్టే, నాను నమ్మే సెప్పినాను.

ఇప్పుడు మీ డాట్రు నీకు మాత్తర్లిత్తానంటే, నయం కాదు కదా, ఎందుకు అంటన్నావంట. మా అత్త మొదట్లో అన్న మాటే అది. ఆవిడకి సదువు నేదు, ఒక్క మజ్జానంలో బుద్ది తెచ్చుకున్నాది. నువ్వు ఇంజినీరింగు సదివినావు, ఇంకో పూట ఎక్కువ తీసుకో, పరవానేదు. అసలు మందు వచ్చీరోజుకి నీ నరంలో పానం ఉండాల కదే? ఇప్పుడున్న మందు దానికోసమే. వచ్చినప్పుడు నువ్వు లేసెల్లి తలుపు తియ్యాల. నాను కూకునే సూత్తాను.

ఏటే, కల్లు తుడుసుకో. ఇలగ దగ్గిరికి రా, తల వంచు. నా అంత ముసిల్దానివై, నాకంటే తిన్నగా నడిసి, మనవల ఎనకాల పరిగెత్తి, నీ కోడలి సేత “ఈ ముసిల్ది ఇంకెన్నేళ్లు తిరుగుతాదే బాబూ!” అని తిట్టించుకో తల్లీ.