కిటికీలోంచి వచ్చిన నెస్టా పిల్లింగ్

టీవీలో ఆ నవ్వులు ఎక్కడో రికార్డు చేసి అతికించిన డబ్బా నవ్వులంటావేమే! అవి మనుషుల నవ్వులు. బోల్టన్ నుంచి, రోచ్‌డేల్ నుంచి బస్సులు కట్టుకుని వచ్చేవాళ్లు మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు. స్టూడియోలో మూడొందల మంది ఇటు కూర్చుంటే, అటు మేం కట్టిన ఇల్లు. ఇల్లంటే మూడే గోడలు, గట్టిగా తుమ్మితే ఊగేవి. ముప్ఫై ఏళ్లు వాటికి రంగులేసినవాణ్ని, నాకు తెలీదా? సరే, ఆ టీవీ కట్టెయ్, చెప్తా. నెస్టా పిల్లింగ్ అని ఉండేది. నీకేం తెలుస్తుందిలే, మీ అమ్మనడుగు. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరిదాకా. ఎండాకాలం బ్లాక్‌పూల్‌లో సముద్రంలోకి కట్టిన వంతెన మీద నాటకాలు, క్రిస్మస్‌కి పిల్లల నాటకంలో ఇద్దరు దూరే ఆవు వేషానికి వెనక కాళ్లు. నవ్వకు, నాలుగేళ్లు అదే వేషం. "ముందు కాళ్లవాడు ఉల్లిపాయలు తినొచ్చేవాడు వాల్టర్, నా కష్టం పగవాళ్లకి కూడా వద్దు" అనేది నాతో.

టీవీలోనూ అంతే. ఇరవై ఏళ్లలో ఒక్క వేషానికీ పేరు లేదు. కాగితం మీద 'పనిమనిషి', 'పొరుగావిడ', 'క్యూలో రెండో ఆడమనిషి'. యాభై దగ్గరపడింది పాపం. ఓ ఆదివారం షూటింగ్ ముందు టీ తాగుతూ అంది, "ఇదే ఆఖరు. ఈసారీ ఒక్క ముక్క చెప్పించి పంపేస్తే, మా అక్క రొట్టెల కొట్లో కూర్చుంటా." అదో నవ్వుల సీరియల్, వేషం మళ్లీ పొరుగావిడే. తలుపు తీసుకుని వచ్చి "చక్కెర ఉందా?" అనాలి, పోవాలి. ఆ తలుపుందే, రంగు నాదే. శనివారం వెయ్యాల్సింది, ఆదివారం పొద్దున వేశా. ఎందుకంటావా? శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్. మావాళ్లు ఓడిపోయారు కూడా, వెధవలు. ఆ గొడవ వదిలెయ్. రంగు ఆరక తలుపు అంటుకుపోయింది. నెట్టింది, రాలేదు. తన్నింది, గోడంతా ఊగి దేవుడి పటం కింద పడింది. స్టూడియోలో అలాంటప్పుడు నోరుమూసుకుని నిలబడితే మళ్లీ మొదట్నించి తీస్తారు. అందరికీ తెలుసు. కానీ ఆవిడ సముద్రం మీద ఆడిన మనిషి, కప్పు కారుతున్నా ఆట ఆపరు వాళ్లు. వంటింటి కిటికీ పైకెత్తి, ముందు చేతిసంచీ విసిరి, ఒక కాలు పెట్టి, ఇంకో కాలు... ఇరుక్కుపోయింది! అంట్లు తోమే తొట్టి మీద వేలాడుతూ, ఏమీ జరగనట్టు, తాపీగా, "చక్కెర ఉందా?" అంది. నవ్వి నవ్వి ఒకావిడ కట్టుడుపళ్లు ముందు వరసావిడ ఒళ్లో పడ్డాయి, ఒట్టు.

డైరెక్టర్ పరిగెత్తుకొచ్చాడు. లండన్ మనిషి, సన్న మీసం. "కిటికీలోంచి రమ్మని నీకెవరు చెప్పారు?" అని గావుకేక. నేను కత్తితో తలుపు విడదీశా, నావల్ల ఆవిడ నోటి ముందు కూడు పోయిందని తిట్టుకుంటూ. మళ్లీ తీశారు. చక్కగా తలుపులోంచి వచ్చింది, చక్కెర అడిగింది. ఒక్కరు, ఒక్కరు నవ్వితే ఒట్టు. వెనకనించి ఓ మిల్లు ముసలమ్మ, "కిటికీలోంచి రావే తల్లీ!" అని అరిచింది. అప్పుడు నవ్వారు చూడు! డైరెక్టర్ నేల చూపులు చూశాడు. తర్వాత నేను నెస్టా దగ్గర తలుపు సంగతి ఒప్పుకుంటే, "నోర్ముయ్ వాల్టర్, ఇంకెప్పుడూ వేళకి రంగెయ్యకు" అంది.

మంగళవారం క్యాంటీన్‌లో ఆ సీరియల్ రాసేవాళ్లు వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చున్నారు. "పొరుగావిడ ఇక ప్రతివారం రావాలి, ఏదైనా పేరు చెప్పండి" అన్నారు. నెస్టా ఫోర్కు పక్కన పెట్టింది. "బెర్తా" అంది. ఎవరా అంటే, "మా అమ్మ. నలభై ఏళ్లు ఊళ్లోవాళ్ల మెట్లు కడిగింది. 'ఇదిగో నిన్నే' అని పిలిచేవాళ్లు తప్ప, ఒక్కరూ పేరు పెట్టి పిలవలేదు" అంది.

పదకొండేళ్లు నడిచిందే అది. కిటికీ కాస్త కదిలితే చాలు, మూడొందల మంది ఒక్క గొంతుతో "బెర్తా!" అని అరిచేవాళ్లు. అవతల గోడ వెనక ఆవిడ పక్కనే నిలబడేవాణ్ని. కాలు కిటికీ మీద పెట్టి, కళ్లు మూసుకుని, ఆ పిలుపు పూర్తిగా వినిగానీ లోపలికి దూకేది కాదు.

ఊఁ... ఆ బిస్కట్ల డబ్బా ఇటియ్యి.