రెండు వైపులా మోగిన డల్సిమర్

మా కెంటకీ కొండల్లో ప్రేమికుల డల్సిమర్‌కి రెండు వైపులా తీగలుంటాయి. పిల్లా పిల్లాడూ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎదురెదురుగా వాయిస్తారు. రెండు వైపులా మోగుతున్నంతసేపూ చేతులు బుద్ధిగా ఉన్నాయని పక్కగదిలో తండ్రికి ధీమా. ఆ సాయంత్రం పాట ఆగింది. ఆ డల్సిమర్ చేసిన తండ్రే తలుపు తోసుకొచ్చి భార్యని నిలదీశాడు.

"ఒర్లీన ఏదే? ఆ డెల్బర్టుగాడేడి?"

"ఈపాటికి పాస్టరుగారి గుమ్మంలో ఉంటారు. ఏడాదిగా వాయించమంటావే గానీ పెళ్లి మాట ఎత్తవాయె."

"అబద్ధం. ఇప్పటిదాకా రెండు వైపులా మోగింది."

"మోగింది. ఇటు నేను, అటు మీ అమ్మ."

"అమ్మా, నువ్వు కూడానా?"

"ఆవిణ్ణేం అనకు. వేళ్లు పీకుతున్నా ఆపలేదు."

"తీగ మోగితే పెట్టె ఏ చెట్టుదో చెప్పేవాణ్ణి. నన్నే ఏమారుస్తావా?"

"చెట్టును పోలుస్తావులే. గోడ అవతల్నించి 'భలే వాయిస్తున్నావు తల్లీ' అన్నదెవరు?"

"కూతురనుకున్నాను."

"మన పెళ్లికి ముందు నేను నీ ఎదురుగా కూర్చుని వాయించిందీ ఇదే పాట. కొండ అవతల్నించైనా నా వాయింపు పోలుస్తానన్నావు అప్పుడు."

"అన్నాను."

"ఇవాళ మధ్యనున్నది ఒక్క చెక్కగోడ. అదీ నువ్వు కట్టిందే."