కన్ను కొట్టిన వరండా దీపం

నమ్మవా? నమ్మకు! "ఇది అబద్ధం బావా" అని నా ముఖం మీద అన్న మగాడు ఇంతవరకూ లేడు. ఉన్నవాడివి నువ్వొక్కడివే, అదీ నిచ్చెన మీద నిలబడి! ఆ రోజుల్లో నేను బిగించిన ఫ్లడ్‌లైటు వెలుతురుకి కోళ్ళన్నీ తెల్లారిందనుకుని కూశాయిరా బావమరిదీ. మూడు వీధుల జనం లేచి పళ్ళు తోముకున్నారు. పాలవాడు సైకిలు తీశాడు. కాదను, చూద్దాం.

ఆఁ? ఊగుతోందా? నిచ్చెన కాదులే, నా చేతులు. గట్టిగానే పట్టుకున్నాను. నువ్వు కిందికి చూడకు, నేను పైకి చూడను. సరిపోతుంది.

మెయిన్ ఆపానా అని నాలుగోసారి అడుగుతున్నావు. ఆపాను నాయనా! ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను. నలభై ఏళ్ళు కరెంటుతో కాపురం చేసినవాణ్ణి.

కానీ, తొందరగా కానీ. గంటలో మీ ఆవిడ ఆస్పత్రి నుంచి మీ అక్కని తీసుకొచ్చేస్తుంది. చీకటి పడే వేళ. తుంటికి రాడ్డు వేయించుకున్న మనిషి, చేతికర్రతో ఈ మూడు మెట్లూ ఎక్కాలి. పైన దూలానికి బిగించు. దీపం ముఖం మెట్ల మీదకి. కింద చిన్న గాజు బొట్టు ఉంది చూడు, అది సెన్సరు కన్ను, చీకటి చూసి దీపం వెలిగించేది. అది మాత్రం వీధివైపు ఉండాలి. గోడకేసి తిప్పావో, కొంప కొల్లేరే.

ఏమిటీ? ఇంతటి పనిమంతుడివి మొదట నడుమెత్తున ఎందుకు బిగించావంటావా?

అది... ఒక టెక్నిక్కు. నీకు అర్థం కాదులే.

నవ్వకు. నవ్వితే నిచ్చెన ఇంకా ఊగుతుంది.

సరే, విను. పోయిన వానాకాలం నుంచి నిచ్చెన రెండో మెట్టు ఎక్కితే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. మూడో మెట్టు ఎక్కితే భూమి నన్ను రమ్మని పిలుస్తుంది. కరెంటు స్తంభాలెక్కి బీడీ వెలిగించుకున్నవాణ్ణి, ఎవరితో చెప్పను? దీపం కొన్న రోజు కొట్టువాడు చెప్పాడు: "పెద్దాయనా, దీన్ని ఎత్తులో పెట్టండి, కన్ను గోడకి చూపించకండి" అని. "నేను దీపం పట్టుకున్న నాటికి నువ్వు లాగు తొడుక్కోలేదురా" అన్నాను. దులిపేశాను కదా అని మురిసిపోయాను. ఇంటికొచ్చి ఏం చేశాను? నేల మీదే నిలబడి, చెయ్యి చాపినచోట, ఆ స్తంభానికి బిగించేశాను. కన్ను తిన్నగా వరండా పక్కగోడకే. అదీ కొత్తగా సున్నం వేసిన తెల్లగోడ!

మీ అక్క ఆ పూట ఇస్త్రీ బట్టలు తేవడానికి వెళ్ళింది. నేనొక్కణ్ణే లోపల.

మునిమాపు వేళ దీపం వెలిగింది. ఆహా అనుకున్నాను. ఆరింది. వెలిగింది. ఆరింది! అది తన వెలుతురే గోడ మీద చూసుకుని తెల్లారిందనుకుంటోందిరా, ఆ కోళ్ళలాగే. చీకటవగానే మళ్ళీ వెలుగుతోంది. ఇప్పుడు తాపీగా చెప్తున్నాను గానీ, ఆ క్షణాన తట్టిందా? ఎదురింటి కిటికీలోంచి, మిషను కుట్టే ఆవిడ అరిచింది కూడా: "అన్నయ్యగారూ, మీ దీపం వీధిన పోయేవాళ్ళకి కన్ను కొడుతోందేమిటీ!" అని. నేను మాత్రం ఎవడో బయట వైరు పట్టుకుని ఆడుతున్నాడనుకున్నాను. చీపురుకట్ట పట్టుకుని కిటికీలోంచి చూశాను.

వెలిగింది. గోడనిండా ఒక నీడ! చూరుని తాకే మనిషి, చేతిలో ఇంత మూట. ఆరింది. వెలిగింది. నీడ ఇంకా దగ్గరికొచ్చింది. ఆరింది.

మెట్ల మీద ధబ్‌మని చప్పుడు.

నేను గడియ వేశానురా.

ఆగు, దిగకు. ఆ మర బిగించాక దిగు. కొట్టాలంటే కింద కొట్టు.

"ఏమండీ" అని వినిపించింది. గొంతు గుర్తుపట్టలేదా అంటావా? పట్టాను. నలభై ఏళ్ళు విన్న గొంతు పోల్చుకోలేనా? పోల్చుకున్నా చెయ్యి గడియ మీద నుంచి కదల్లేదు. దీపం కిందుగా ఉంటే నీడ తాడిచెట్టంత పడుతుందని పనిలోకి కొత్తగా వచ్చినవాడికీ తెలుసు. నాకు తెలియదా? రెండోసారి "ఏమండీ" అంది. మూడోసారి అనలేదు.

రెండు చేతులా ఎత్తుకుని ఆటోదాకా పరిగెత్తానని చెప్పానే, అందరికీ చెప్పానే, అది శుద్ధ అబద్ధం. గడియ తీసేసరికి మీ అక్క తల వేరొకరి ఒళ్ళో ఉంది.

నా భయం అది కూడా కాదు. మొన్న వార్డులో నువ్వడిగితే మీ అక్క ఏమంది? "ఆయన పూలబుట్టలా ఎత్తుకెళ్ళారు తమ్ముడూ" అంది. పూలబుట్ట! ఆ మాట నేనెప్పుడూ అనలేదురా. తనే కల్పించింది. చెప్పినంతసేపూ నావైపు చూడలేదు. తిట్టుంటే బతికిపోయేవాణ్ణి. ఇప్పుడు ఆ గుమ్మంలోకి వచ్చి, ఆ గడియకేసి చూసి ఏమంటుందో, ఏమీ అనదో...

దిగావా? ఫ్యూజు ఇదిగో, నువ్వే పెట్టు.

ఏమిటా చూపు? కోళ్ళు కూశాయంటే నవ్వి ఊరుకున్నావు, ఇది నమ్మలేకపోతున్నావా? ఎదురింట్లో కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది కదా, వెళ్ళి అడుగు. మీ అక్క తల ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో ఈ తలుపు బాది బాది పిడికిలి వాచిపోయిన మనిషి ఆవిడే. వీధంతా ఎరిగిన పేరు. బొత్తాలమ్మ.