రెండో బాల్టీ

హలో… ఆ, నేనే కళ్యాణీ, అరుణని. గరాచర్మ నుంచి…

లేదులే, ఏం కాలేదు. ఏదో అయితేనే ఫోన్ చెయ్యాలా…

డ్యూటీలో ఉన్నావా… ఇంట్లోనేనా. అచ్ఛా. అయితే పది నిమిషాలు నా మాట విను. మధ్యలో ఎవరితోనైనా మాట్లాడితే ఏమీ అనుకోకు, వీధి కుళాయి దగ్గర నిలబడి ఉన్నాను. మాకు మూడు రోజులకోసారి నీళ్ళు. నీకేం, చౌల్దారీలో పెరట్లోనే బావి. రాణీవి.

ఆ… కథ గురించే. నీకెలా తెలిసింది…

సంఘం సుబ్బరామయ్య గారు నీకూ చెప్పారా. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

అవును, సునామీ వచ్చి పదేళ్ళవుతోందని మన దీవుల తెలుగు సంఘం వాళ్ళు పుస్తకం వేస్తున్నారు. అందులో నా కథ ఉండాలట. సాయంత్రం ఐదింటికి అన్నీ ప్రెస్సుకి వెళ్ళిపోతాయి. ఇప్పుడు మూడున్నర…

ఎక్కడ రాశాను. ఒక్క ముక్క రాస్తే ఒట్టు.

నవ్వకు యార్. పదిహేను రోజుల్నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. కథ దొరుకుతుందేమోనని పడవెక్కి హోప్ టౌన్ వెళ్ళాను. జెట్టీ మీద గంటసేపు కూచున్నాను. ఏం దొరికింది, జలుబు. బస్సులో పక్కవాళ్ళ మాటలు విన్నాను. అందరూ కోడలి గురించే చెప్పుకుంటున్నారు. సముద్రం వంక చూస్తే నాకు సముద్రమే కనిపిస్తోంది, కథ కనిపించడం లేదు…

సుబ్బరామయ్య గారేమో, అల లేకుండా సునామీ కథేమిటమ్మా అంటారు. సరేనని 'తాడిచెట్టంత అల లేచింది' అని రాశాను. చించేశాను. నేను చూశానా పెట్టానా. ఆ రోజు నేను ఇంట్లో ఉన్నాను. ఇల్లు ఊగింది, గోడకున్న అద్దం కిందపడి పగిలింది. అంతే నా సునామీ.

అందుకే నీకు చేశాను…

మీ నాన్న ఆ అలని చూశారు కదా, హట్ బేలో…

తెలుసు, చెప్పరని తెలుసు. కూతురివి, నీకే చెప్పలేదు. అయినా ఒక్కసారి అడిగి చూడవా. రెండే మాటలు చాలు. నీళ్ళు ఎంతదూరం వచ్చాయి, ఆ చప్పుడు ఎలా ఉంది—

…

సరే. సరే, కోప్పడకు. అడగొద్దులే.

నిజమే, సిగ్గులేకుండా అడిగాను. మీ అమ్మ పోయిన సంగతి నాకు కథకి కావాల్సొచ్చింది. తప్పే…

ఒక్క నిమిషం ఉండు. — గవరమ్మ దీదీ, ఆ నీలం బాల్టీ నాదే, కాస్త జరుపు. వెనకది పక్కింటివాళ్ళది, అదీ జరుపు. ఆఫీసు నుంచి ఇంకా రాలేదు వాళ్ళు. —

హలో… ఆ, ఉన్నాను.

నీళ్ళు ఇంకా రాలేదు. లైను మాత్రం ఉంది. మనుషులు నలుగురు, బాల్టీలు ముప్ఫై. నీకు తెలియందేముంది, బాల్టీ పెట్టి వెళ్తే మనిషి ఉన్నట్టే. ఎవరూ దాటరు. ఉన్నవాళ్ళు లేనివాళ్ళవి కూడా…

…

లేదు, లైన్లోనే ఉన్నాను. ఏదో గుర్తొచ్చింది.

కళ్యాణీ, నీకొకటి చెప్పాలి. పదేళ్ళుగా చెప్పలేదు…

కథ కోసం కాదు. కాదనే అనుకుంటున్నాను. ఏమో, నాకే తెలియడం లేదు. ఉండు, గట్టు మీద కూచుంటాను.

అప్పుడు నువ్వు విశాఖలో నర్సింగ్ చదువుతున్నావు. ఓడ దొరక్క నెల దాటాక వచ్చావు. ఆ నెలంతా మీ నాన్న మా స్కూల్లో క్యాంపులో ఉన్నారు కదా… ఆ. ట్యాంకర్ వస్తే అక్కడ లిస్టు రాసేది నేనే. మనిషికి ఒక్క బాల్టీ. పొద్దున్న ఒకసారి, అంతే.

మీ నాన్న రెండు పెట్టేవారు.

ఒకటి ఆయనది. రెండోది ఆకుపచ్చది, పిడికి ఎర్ర గుడ్డ కట్టి ఉండేది…

మీ అమ్మది.

…

అవును, అప్పటికే ఆవిడ పేరు కనబడనివాళ్ళలో రాసేశారు. అయినా ఎవరడిగినా, వెనకాల ఓడలో వస్తాది అనేవారు. హట్ బే నుంచి ఓడలు వస్తూనే ఉన్నాయి, మనుషులు దిగుతూనే ఉన్నారు. రాదని ఏ నోటితో చెప్తాం. అందరూ ఆ బాల్టీని జరిపేవారు. అదీ నిండేది. రెండు చేతుల్తో రెండూ మోసుకెళ్ళేవారు.

ఐదో రోజో ఆరో రోజో, ట్యాంకర్లో నీళ్ళు తక్కువొచ్చాయి. లైను చివర ఒకావిడ ఉంది, కచాల్ దీవి నుంచి వచ్చింది. చంకలో పసిపిల్ల. ఆవిడ దాకా నీళ్ళు రావని నాకు తెలిసిపోయింది.

అప్పుడు… నేనే తీశాను కళ్యాణీ. ఆ ఆకుపచ్చ బాల్టీని. లైన్లోంచి ఎత్తి పక్కన పెట్టేశాను. అందరి ముందూ. 'లేని మనిషికి నీళ్ళెందుకు బాబాయ్' అన్నాను.

…

అన్నాను. ఇరవై ఆరేళ్ళు నాకు. చేతిలో లిస్టు ఉంది, పెన్ను ఉంది. న్యాయమంతా నా దగ్గరే ఉందనుకున్నాను.

లేదు, ఏమీ తిట్టలేదు. తిడితే బావుండేది. 'ఇంకా ఓడ రాలేదు గదమ్మా' అన్నారు. అంతే.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. లిస్టులోకి చూస్తూ ఏవో గీతలు గీశాను. మళ్ళీ చూసేసరికి బాల్టీ లైన్లో ఉంది. దాని చోట్లోనే. ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలీదు. ఆ పసిపిల్ల తల్లి కూడా వంగి దాన్ని ముందుకు జరిపింది. ఆవిడ వంతు వచ్చేసరికి ట్యాంకర్ ఖాళీ. అప్పుడు పట్టుకున్నవాళ్ళంతా తలా ఒక చెంబు ఆవిడ బాల్టీలో పోశారు. మీ నాన్న రెండు చెంబులు పోశారు.

ఆ సాయంత్రమే నేను లిస్టులో మీ అమ్మ పేరు ఎక్కించాను. దేముడమ్మ, ఒక బాల్టీ. నువ్వొచ్చేదాకా రోజూ రాశాను.

…

నాన్న ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదని, అమ్మంటే ఆయనకి ప్రేమే లేదని నువ్వు అన్నప్పుడల్లా ఇది నా నోటి దాకా వచ్చేది. కానీ ఈ సంగతి చెప్పాలంటే నేనన్న మాట కూడా చెప్పాలి. నువ్వు నాతో మాట్లాడడం మానేస్తావని భయమేసింది. ఇంకేం కాదు. అదే.

ఏడుస్తున్నావా…

ఏంటి… ఆయన అక్కడే ఉన్నారా. ఎప్పట్నుంచి… స్పీకర్లో పెట్టి బట్టలు మడతపెడుతున్నావా. అయ్యో కళ్యాణీ, ఒక్క మాట చెప్పొద్దా.

వద్దు, ఇవ్వకు. నేను మాట్లాడలేను. నా మాట విను, ఇవ్వ—

…

నమస్తే బాబాయ్.

ఆ, బాగానే ఉన్నాం. మీ మోకాలు నొప్పి… ఆ, ఆ.

విన్నారు కదా. నేనే బాబాయ్. తప్పు చేశాను. ఈ మాట అనడానికి పదేళ్ళు పట్టింది నాకు.

…గుర్తుందా. 'లిస్టు టీచరమ్మ'నా. అలా పిలిచేవారా నన్ను.

కథే బాబాయ్. ఇప్పుడిక్కడ ఈ బాల్టీలు చూస్తుంటే అనిపించింది, రాస్తే ఇదే రాయాలని. మీరు వద్దంటే రాయను. తెల్లకాగితం పంపించేస్తాను, సుబ్బరామయ్య గారు తిడితే తిట్టనివ్వండి.

…

ఒక్కటి అడగనా. అల గురించి కాదు. ఆ రెండో బాల్టీ నీళ్ళు… ఏం చేసేవారు బాబాయ్.

…

కొంచెం గట్టిగా చెప్పండి, ఇక్కడ గోలగా ఉంది.

…తల మీద పోసుకోడానికా.

ఆ… ఉప్పునీళ్ళలోంచి వస్తాది గదా అని… జుట్టంతా అట్టకట్టేసుంటాది, దిగగానే ముందు మంచినీళ్ళు కావాల అని…

ఆ. మూతపెట్టి ఉంచేవారు. సాయంత్రం ఓడ వచ్చి, దిగినవాళ్ళంతా దిగిపోయాక, క్యాంపులో పిల్లలకి పోసేసేవారు. మళ్ళీ పొద్దున్న…

…

లేదు బాబాయ్, ఏడవడం లేదు… ఏడుస్తున్నాను. ఉండండి, ముక్కు తుడుచుకోనివ్వండి.

రాయమంటారా. నిజంగానా.

పేరా… కథల్లో మామూలుగా పేర్లు మార్చేస్తాం బాబాయ్. ఎవరూ ఏమీ అనుకోకుండా…

సరే. మార్చను. దేముడమ్మ అనే రాస్తాను.

ఏంటి… ఆకుపచ్చ కాదా. పసుపా. నాకు ఆకుపచ్చే కళ్ళకి కట్టినట్టుంది మరి… సరే, మోసింది మీరు, మీరు చెప్తే పసుపే. ఎర్ర గుడ్డ నిజమేనా. హమ్మయ్య, అదైనా సరిగ్గా గుర్తుంది.

కళ్యాణికి ఇవ్వండి ఒకసారి…

ఏం, ఎక్కడికెళ్ళింది… మీ పక్కనే కూచుందా. మీ చెయ్యి పట్టుకునుందా. అయితే వద్దులెండి. తర్వాత చేస్తాను.

ఉంటాను బాబాయ్. నాలుగయింది, నేను తెలుగు అక్షరం రాయాలంటే హిందీకి పట్టేదానికి రెండింతల టైము పడుతుంది. ఆ… ఆ. అలాగే. చదివి వినిపిస్తాను, ఆదివారం వచ్చి.

— ఏంటి దీదీ. నీళ్ళొచ్చాయా… రానీ. నేనిప్పుడు ఆగలేను, లోపల పని ఉంది… అరే, మనిషి లేకపోతేనేం, బాల్టీ ఉంది కదా. జరుపుతూ ఉండు. వస్తాను.