కాలికి గజ్జె కట్టిన డ్రైవరు

"అత్తా, క్లచ్ నొక్కినప్పుడల్లా కారు కీచుమంటోంది. మెకానిక్ చూసి బేరింగ్ పోయిందన్నాడు. రేపు షెడ్డులో పెట్టాలి."

నేను అన్నది అంతే. చీపురుపల్లిలో మా మేనత్త ఇంటి అరుగు మీద కూర్చుని ఇద్దరం చింతపండు పిక్కలు తీస్తున్నాం. మిగతాదంతా ఆవిడ చెప్పినదే. ఫోనులో రికార్డు చేసుకుని ఉన్నదున్నట్టు రాశాను.

నొక్కితేనా, వొదిలితేనా? అది ముందు సెప్పు. నొక్కితే అరిసి, వొదిలితే ఊరుకుంటే ఒకటి. కాలు తీసీసి ఊరికే నిలబెట్టినప్పుడు గురగురమని, నొక్కితే ఊరుకుంటే మరొకటి, అది గేరుపెట్టి గొడవ. ఏటలా సూస్తావు? నాను కారు నడిపినదాన్ని కాదు గాని, ఆ కీసురు నా కాపురం మీదికొచ్చింది, అందుకు తెల్సు. నొక్కితేనా? ఊఁ. అయితే బేరింగే. ఆ మెకానిక్కు అబద్ధం సెప్పలేదు.

మీ మావ డ్రైవరని నీకు తెల్సు. అంతకు ముందేటో తెల్సా? హార్మోనీ వాయించీవోడు. నాటకాల హార్మోనీ. ఇప్పుడు భజనల్లో సేత్తో ఊపుతారే, అది కాదమ్మీ, కాళ్ళతో తొక్కే పెట్టి. కింద పలకలుంటాయి. తొక్కుతుంటే లోనికి గాలెల్తాది, రెండు సేతులూ పైన వాయించుకోడానికే. తొక్కడం ఆపీసేవా, పెట్టి మూగదైపోతాది. మీ మావ తొక్కుతూనే పద్యం కూడా ఎత్తుకునీవోడు. గొంతు బాగుండీది, అబద్ధమెందుకు. పెళ్ళయిన కొత్తలో నన్నూ తిప్పాడు. పలాస, ఇచ్ఛాపురం, బరంపురం... తెర ఎనకాల వొండుకోడం, ఆ పెట్టిల మధ్యనే తొంగోడం. ఓలమ్మా, రాజుగారి కిరీటం పక్కన నా ఉప్పుడబ్బా!

మీ తాత సూసి సూసి, అల్లుడికి డ్రైవింగు నేర్పించి, మిల్లు బుగతని, ఆ ఊరి ఆసామిని, బతిమాలి ఆయన కాడ కుదిర్సాడు. బుగతకి రైసుమిల్లు, నల్లకారూ ఉండీవి. పెట్రోలు లీటరు రూపాయికి అటూ ఇటూ, అదే మా గొప్ప ఖరీదని ఊరంతా సెప్పుకునీవోరు. అరవై ఏడు... కాదు కాదు, మీ బావ కడుపులో ఉన్నాడు, అరవై ఎనిమిది. మిల్లు పక్కన మాకొక గదిచ్చారు. పెంకులు కారీవి గాని తలుపుకి గొళ్ళెం ఉండీది. నా బతుకులో మొదటి గొళ్ళెం అదే. పగలు పనేమీ లేకపోయినా ఓపాలి వేసి తీసీదాన్ని.

ఆఁ, క్లచ్ కదా. అల్లప్పుడు కార్లల్లో నీ కారుకున్నట్టు గుళ్ళ బేరింగు కాదు, కార్బనుండీది. నల్లటి బొగ్గు కడియమనుకో. క్లచ్ నొక్కితే అదెల్లి తిరుగుతున్న రేకుకి ఆనుతాది. ఆనినంతసేపూ అరుగుతాది. కాలు తీస్తే ఎనక్కొచ్చీస్తాది. నువ్వు కాలేజీలో సుద్దముక్కతో రాస్తావు కదా, అలాటిదే. రాస్తే అరుగుతాది, బల్ల మీద పెట్టీస్తే అలాగే ఉంటాది. అరిగిపోనాక ఇనుము ఇనుముకి తగిలి కీసుమంటాది.

ఓపాలి కీసుమంది. ఇజీనారం నుంచి మెకానిక్కుని తెచ్చారు. ఇంజను దించి కొత్త కార్బనేసాడు. ఇంక సానాళ్ళు సూసుకోక్కర్లేదన్నాడు. ఏటి సానాళ్ళు! ఊడుపులు అవకముందే మళ్ళీ అదే కూత. మెకానిక్కు మళ్ళీ వొచ్చాడు. బోనెట్టు కాడ సెవి పెట్టి, "నొక్కు", "వొదులు", "నొక్కు" అని మీ మావ సేత తొక్కించాడు. తర్వాత తనే తోలి సూసొచ్చాడు. "బుగతా, కార్బనే పోనాది. సరుకు మంచిదే, నేనేసింది బాగానే ఏసాను. ఎందుకు పోతందో నాకూ అంతు సిక్కడం లేదు" అన్నాడు. మరెలా సిక్కుతాది? ఆడు తోలినప్పుడు ఆడి నోరు మూసుకొనుంది.

ఇంజను దించితే కారు షెడ్డులో, బుగత బస్సులో. కొత్తవలస స్టేషన్ కాడ బియ్యం వ్యాగన్లు సూసుకోడానికి బస్సులో నిలబడి ఎల్లాడంట. దాంతో మండిపోనాడు. "ఒరే, ఇంకొకపాలి ఇది పోనాదంటే నీ పెట్టి నువ్వు బుజానేసుకొని ఎల్లిపో. వాయించుకునీవోడికి తాళాలిచ్చాను సూడు, నాది బుద్ధి తక్కువ" అన్నాడు.

మీ మావకి బెంగుందేటి? లేదు! ఖరగపూర్ సమాజమోల్లు రమ్మని అప్పటికే కబురెట్టారు. "పోతే పోనీవే, అక్కడ నాలుగు నెలలు నాటకాలే నాటకాలు" అన్నాడు. గొళ్ళెం వొగ్గీసి, నిండు కడుపుతోటి మళ్ళీ ఆ కిరీటం పక్కకి ఎల్తానేటి నాను?

కొత్త కార్బనేసాక, బుగతమ్మ పొందూరు ఎల్తూ నన్ను తోడు రమ్మన్నాది. పొందూరు బట్ట ఆవిడకి పిచ్చి. ఉంగరంలోంచి దూరిపోవాలంటాది, దూరిస్తాది, మళ్ళీ బాగోలేదంటాది. నేసినోళ్ళ ఓపిక్కి దణ్ణం పెట్టాలి. వొచ్చినప్పుడు ఎనక సీటంతా మూటలే. నన్ను ముందు కూకోమన్నాది. నాకా, కారెక్కితే యావిటి, వికారం. తలెత్తితే తిరుగుతంది. తలొంచుకొని కిందకే సూస్తన్నాను.

ఇంతలో బుగతమ్మ, "ఆయన కూకుంటే పద్యం మీద పద్యం పాడతావంట కదరా, నాకొకటి పాడవేటి?" అన్నాది. మీ మావకి సాలు కదా, ఎత్తుకున్నాడు.

ఎత్తుకోడమేటి, ఎడం కాలెల్లి క్లచ్ మీద కూకుంది. గేరు మార్సే పని లేదు, సాపు రోడ్డు. అయినా తొక్కుతన్నాడు. గట్టిగా కాదే, ఊరికే, గాలి కొట్టినట్టు. రాగం తీసినప్పుడు మెల్లిగా, పైకెల్లినప్పుడు బేగి బేగి. పద్యం అయిపోనాది. కాలు దిగలేదు, అక్కడే తొంగున్నాది. నాకు యావిటి ఎక్కడిదక్కడ ఆగిపోనాది.

ఇంటికొచ్చి అడిగితే ఒట్టేసాడు. "నాను తొక్కడమేటే? గేరు కోసమే తొక్కుతాను, నీ కళ్ళు తిరిగుంటాయి." వాదిస్తే ఎక్కడ తెముల్తాది? ఎడం కాలి కింద బియ్యం సెరిగే సాట పెట్టి పాడమన్నాను. సాట టపటపా కొట్టుకున్నాది. వొంగి సూసుకొని తెల్లబోనాడు. ఇప్పుడు కాలు కదపకుండా పాడన్నాను. రెండు మాటలు వొచ్చాయి, మూడోదానికి గొంతు నిలబడిపోనాది. "గాలాడ్డం లేదే" అన్నాడు పాపం. నవ్వొచ్చింది గాని నవ్వలేదు. ఏళ్ళ తరబడి కాలు తొక్కితేనే పాట. ఆ కాలికి కారో పెట్టో ఏటి తెల్సు?

సెప్తే మానీ అలవాటు కాదది, తెలిస్తే కదా మానడానికి. నాటకాల పెట్టిలోంచి ఒక్క గజ్జె తీసి, దారమేసి ఎడం కాలికి కట్టీసాను. "ఏటే, నానేటి పెయ్యనా?" అన్నాడు. "ఖరగపూర్ ఎల్తే అక్కడ ఇప్పుకో. ఇక్కడున్నంత సేపూ ఇది మోగితే కాలు కిందెట్టు" అన్నాను.

మర్నాడు కొత్తవలస ప్రయాణం. బుగత సెప్పి సెప్పి నవ్వీవోడు, ఆయన సెప్పినదే సెప్తన్నాను. అలవాటుగా పద్యం ఎత్తుకోమన్నాడంట. ఎత్తుకున్నాడు. గల్లుమంది. కాలు తీసీసాడు. పద్యం తెగిపోనాది. మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ గల్లు, మళ్ళీ తెగిపోనాది.

"ఏట్రా, కారులో దూడనెక్కించావా?"

ఇంక దాసి లాభం లేక మీ మావ ఉన్నదంతా సెప్పీసాడు. పనిలోంచి తీసీస్తాడనే ఈయన అనుకున్నాడు. మిందివలస దాటాక... కాదు, అది ఇటేపు కదా... ఏదో ఊరు దాటాక, "అంటే నా కార్బను తినీసింది నా పద్యాలేనేట్రా?" అన్నాడంట. ఎంటనే, "ఆపు" అన్నాడంట. జీడితోట పక్కన ఆపాడు. దిగిపొమ్మంటాడని, ఇచ్చీడానికి తాళాల మీద సెయ్యేసాడు.

"తాళాలు నాకెందుకురా, ఇంజను కట్టీ సాలు. కట్టావా? ఇప్పుడెత్తుకో. ఎంత తొక్కుతావో తొక్కు."

ఇంజను తిరగకపోతే అరిగీదేటుంది మరి! ఆ పొద్దు నుంచీ అదే పద్ధతి. బుగతకి పద్యం కావాలంటే కారాగాలి. దారినపోయే రైతులు కారు సెడిపోనాదనుకొని పరుగెట్టుకొచ్చీవోరు, "తొయ్యమంటారా బాబూ?" అని. వొచ్చినోళ్ళు వొచ్చినట్టే కూకొని పద్యం ఇనీవోరు. కొత్తవలస ఎప్పుడు సేరీవోరో ఆ దేవుడికే తెల్సు. ఆ కార్బను మాత్రం కారు అమ్మీసిన దాకా ఉంది. ఖరగపూరోల్లు మరొకర్ని సూసుకున్నారు. మీ బావ ఆ గదిలోనే పుట్టాడు. గొళ్ళెం నానే వేసుకున్నాను.

సరే గాని, నీ ఎడం కాలెక్కడుంటాదే? నిన్న ఆస్పత్రికి తీసికెల్లావు కదా, అప్పుడు సూసాను. ట్రాఫిక్కని సెప్పి దాని మీదే పెట్టుంచుతావు. మీ మావ పాటైనా పాడీవోడు, నువ్వు వొట్టినే అరగదీస్తన్నావు.

గజ్జా? అది మేకపిల్ల మెడలో ఉంది, ఇవ్వను. కొత్త బేరింగు ఏయించుకో, కాలు కిందెట్టుకో, నూరేళ్ళు సల్లగా తిరుగు తల్లీ. ఊఁ, మాటల్లో పడి పిక్కలన్నీ పండులో కలిపీసేవు సూడు, ఆ పళ్ళెం ఇలా తొయ్యి...