మజ్జిగ సీసా

(సామర్లకోట. పొద్దున్నే, రాజమండ్రి రైలుకి ముందు. వంటింట్లో తల్లి లోవమ్మ, సైకియాట్రీ నర్సింగ్ చదువుతున్న కూతురు రమ్యశ్రీ.)

"మాట మార్చకమ్మా. చింతపండు డబ్బా వెనకాల ఈ బుడ్డి ఏంటి?"

"అదా... వాము అరకు. మీ నాన్న గ్యాస్‌కి."

"వాము అరకైతే వాసనొస్తుంది. దీనికి వాసనా లేదు, రంగూ లేదు. ఈ చుక్కల మందు నేను రోజూ వార్డులో చూస్తున్నాను."

"చూస్తే చూశావులే. రైలుకి టైమవుతుంది, క్యారేజీ సర్దుకో. చెయ్యి ఇంకా వణుకుతుందా? వార్డులో మేడమ్ గారేమన్నా అన్నారా?"

"నా చెయ్యి సంగతి తర్వాత. నిన్న పెరట్లోంచి చూశాను, గ్లాసులో చుక్కలు వేసి కలుపుతున్నావు. నాన్న టీలోనే కదా?"

"అబ్బ, పొద్దున్నే ఏంటే ఈ గొడవ."

"రొయ్యల చెరువు పోయినప్పట్నించీ నాన్న ఎవరితోనూ మాట్లాడట్లేదు. అయితే మాత్రం? మనిషికి చెప్పకుండా మందు కలిపేస్తావా?"

"డాక్టరు గారు రాసిందేనమ్మా. మింగనంటే ఇంకెలా ఇవ్వాలి?"

"కూర్చోబెట్టి చెప్పాలి. మాకు మొదటి క్లాసులో చెప్పింది అదే. నీ చెయ్యి నమ్మి తాగే మనిషిని మోసం చేస్తావా? నాకైతే ఇంక నీ చేతి మంచినీళ్ళు తాగాలన్నా భయమేస్తుంది."

"అంత మాట అనకే."

"అంటాను. ఎన్నాళ్ళ బట్టి?"

"నువ్వు ఇంటర్ చదివేటప్పట్నించి."

"నాకు టైఫాయిడ్ వచ్చి కాలేజీ మానేసిన ఏడాదా?"

"ఆ. ఆ ఏడాదే."

"చెరువు పోయింది నిరుడు కదా. నా ఇంటర్ అప్పుడు నాన్న బాగానే ఉన్నాడు."

"ఏం బాగు. నిద్ర లేదు, తిండి లేదు. ఎవరో పిలుస్తున్నారని తెల్లారగట్ల కాలవ గట్టుకి పరుగు. ఈ చుక్కలు పడ్డాకే ఇల్లు ఇల్లయింది."

"నేనూ ఇంట్లోనే ఉన్నానుగా. నాకేం గుర్తు లేదే?"

"జ్వరంలో ఉన్నావు. ఏం గుర్తుంటుంది."

"ఇదేం బాలేదమ్మా. నాన్నకి ఇప్పుడే చెప్పేస్తాను. నాన్నా—"

"పిలు. నెలనెలా ఆ బుడ్డి తెచ్చేది ఆయనే."

"తెచ్చేది నాన్నా?"

"ఆయనే."

"తెచ్చేవాడికే దాచిపెట్టి పొయ్యడం దేనికి?"

"ఆయనకి పొయ్యట్లేదే."

"మరి?"

"రైలు వచ్చేస్తుంది రమ్యా."

"మరెవరికమ్మా?"

"మజ్జిగ సీసా బ్యాగులో పెట్టుకో తల్లీ. నిన్నట్లాగా సగం వదిలెయ్యకు. రాత్రంతా నిద్రపోలేదు నువ్వు."

"అమ్మా... ఆ ఏడాది నాకొచ్చింది టైఫాయిడ్ కాదా?"