శకుంతల ఇంట్లో రెండు కూలర్లు

వడమాలపేట. ఆదివారం పొద్దున. శకుంతల ఇల్లు. నాయుడుపేటలో వారం రోజుల ట్రైనింగు ముగించుకొని కూతురు కోమలి అప్పుడే లోపలికొచ్చింది.

"రెండు కూలర్లేందిమా?"

"ఏ రెండు?"

"హాల్లో! ఎదురెదురుగా పెట్టినావే, మాట్లాడుకుంటా ఉన్నట్టు. నేను పోయినప్పుడు ఒకటే గదా ఉండింది."

"అదా. ముందు కాళ్లు కడుక్కో పాపా. ఇడ్లీ పెడతా."

"ఇడ్లీ కాదుమా. వారం రోజుల్లో ఏం జరిగిందీడ?"

"ఏం జరగతాది. ఎండలు. అంతే."

"అంతే?"

"సోమవారం కూలర్ తిరగలేదు. మెకానిక్కుకి ఫోన్ చేస్తే వస్తానన్నాడు. పదకొండుకి గేటు కాడ ఒకాయప్ప నిలబడుకోనుండాడు, చేతిలో పొడుగు సంచి. రాప్పా అని పిలిచి కూలర్ సూపించినా. చానాసేపు సూసినాడు."

"తర్వాత?"

"మంచినీళ్లడిగినాడు. తాగి మళ్లీ సూసినాడు. 'ఇది నీలం రంగు గదమ్మా' అన్నాడు."

"అది రిపేరా?"

"వెనకాల మూత తీసినాడు. మళ్లీ పెట్టడం రాలా. రేపొస్తానని పోయినాడు."

"మంగళవారం వచ్చినాడా?"

"వచ్చినాడు. మూత పెట్టినాడు."

"కూలర్ తిరిగిందా?"

"మూత బాగా కూచునింది."

"మా!"

"బుధవారం లోపల గడ్డి మార్సల్లన్నాడు. ఆయప్పే తెచ్చినాడు. పచ్చిగడ్డి, ఇంత పెద్ద మోపు."

"ఆవుకేసే గడ్డా? కూలర్లోకా? నువ్వేం అనలేదా?"

"అంత ఎండలో మోసుకోనొచ్చినాడే పాపం, ఏమనేది? మజ్జిగిచ్చినా. గడ్డి పక్కింటి దేవకమ్మోళ్ల ఆవుకి పంపిచ్చినా."

"మా, వాడు మెకానిక్కు కాదు."

"వాడు గీడు అనొద్దు. పెద్దాయన. పేరు వెంకటముని."

"సరే, ఆ వెంకటముని మెకానిక్కు కాదు!"

"తెలుసు."

"తెలుసా?"

"సోమవారం సాయంకాలమే అసలు మెకానిక్కు వచ్చినాడు గదా. ప్లగ్గులో తీగ ఊడిందంట. ఐదు నిమిషాల్లో సరిచేసినాడు. మూత మాత్రం ముట్టుకోవద్దన్నా. దానికి వేరే మనిషొస్తాడని చెప్పినా."

"అంటే మంగళవారానికే కూలర్ తిరగతాండాది?"

"బ్రహ్మాండంగా."

"మరి ఆయనొచ్చినప్పుడు?"

"ఆపేసి పెట్టినా."

"ఎందుకు మా?"

"తిరగతా ఉంటే ఇంక ఆయప్పకేం పనీడ?"

"అయ్యో... ఇంతకీ ఎవురాయన?"

"రేణిగుంటాయన. నాదస్వరం వాయిస్తాడు. మన పక్కవీధి పెండ్లికొచ్చి, ఇల్లు తెలీక ఈడ ఆగినాడు."

"మరి ఆ పెండ్లి?"

"ఈయప్ప మూత తీసేలోపల ముహూర్తం దాటిపోయింది. ఒట్టి డోలుతోనే తాళి కట్టినారంట."

"నేను మెకానిక్కు కాదని ఒక మాట చెప్పి పోవచ్చు గదా!"

"అదే అడిగినా. 'అంత నమ్మకంగా పిలిచినావు, కాదనేదానికి నోరు రాలా' అన్నాడు."

"ఎప్పుడు అడిగినావు?"

"గురువారం. తనే బయటపడినాడు. అబద్ధం చెప్పి వస్తాండాను, తప్పమ్మా, ఇంక రాను అన్నాడు. ఇంక రాను అనేసరికి లేచిపోయి స్విచ్చేసినా."

"కూలర్దా?"

"ఆ. జుయ్యిమని తిరిగింది. ఆయప్ప కూలర్ని సూసినాడు, నన్ను సూసినాడు. ఇంక సూడు, ఇద్దరమూ నవ్వినాము. కండ్లల్లో నీళ్లు కారేదాకా. మీ నాయన పోయి ఆరేండ్లు. అట్ల నవ్వింది మళ్లీ మొన్ననే."

"అంతగా నవ్వినావా మా?"

"ఇడ్లీ సల్లారిపోతాది, తిను."

"శుక్రవారం?"

"రాలేదు. పుత్తూరులో పెండ్లి మేళం. పొద్దు గడవలా నాకు. గేటు నాలుగుసార్లు తీసి సూసినా, గాలికి సప్పుడైతే."

"నిన్న?"

"నిన్న ఆయనింట్లో కూలర్ ఆటోలో ఏసుకోనొచ్చినాడు."

"ఎందుకు?"

"రిపేరుకి."

"నీ దగ్గరికా?"

"వేరే సాకు దొరకలేదంట."

"నీకేం తెలుసుమా రిపేరు?"

"నీళ్లు పోసినా. తిరిగింది. దానికే రోగమూ లేదు."

"నవ్వు రాదు నాకు. వీధిలో ఏమనుకుంటారు? ఈ వయసులో..."

"యాభై మూడు. లెక్క నాకూ తెలుసు. ఈ వీధిలో ఎవురైనా ఆరేండ్లలో ఒక్కపూట నాతో కూచోని మజ్జిగ తాగినారా? నువ్వు చెప్పు."

"నేనుండానే."

"ఉండావు. పొద్దున ఏడుకి పోతావు, రాత్రికొస్తావు. తప్పనడంలా పాపా. మద్దెలో పొద్దు చానా పెద్దది."

"ఆయనకెవరూ లేరా?"

"భార్య పోయి పదేండ్లు. ఒక కొడుకు, సుకుమార్. మొదట్లో మొకం మాడ్సుకున్నాడంట. రాత్రి ఒప్పుకున్నాడు."

"ఒప్పుకున్నాడా? దేనికి?"

"ఆ కుర్చీ ఇట్ల జరుపు, ఎండ పడతాది."

"దేనికి ఒప్పుకున్నాడుమా?"

"దుమ్ము తుడిసి జరుపు."

"మా! నేనొద్దంటే?"

"వాళ్లు అడగతారు గదా, అప్పుడు చెప్పు. సాయంకాలం నాలుక్కి తండ్రీకొడుకులిద్దరూ వస్తాండారు. నాకు నాయన లేడు, అన్నదమ్ములు లేరు. పెండ్లికూతురి తరఫు పెద్దమనిషివి నువ్వే. కుర్చీలో నువ్వు కూచో. కాఫీ నేను తెచ్చిస్తా."